సుగ్గికి పోయిన ఊరికి టీకా ఎవరేస్తారు?

కార్తీకం వెళ్లేసరికి ఆలూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడటం మొదలవుతుంది. వేరుశనగ పీకేశారు. పత్తి తీసేశారు. ఉల్లికి ధర పలికితే పలికింది, లేకపోతే పొలంలోనే కుళ్లింది. వాన మీదే బతికే నేల, మళ్లీ తొలకరి దాకా చేతికి పనుండదు. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ అడ్వాన్సులు పంచుతాడు. పొద్దుగూకాక బొలేరోలు, లారీలు వచ్చి ఊరి బయట ఆగుతాయి. బియ్యం మూటలు, జొన్నపిండి, గుడిసె మీద కప్పుకోవడానికి పట్టలు, వంట సామాను, వాటి మీద పిల్లలు. తెల్లారేసరికి వాళ్లంతా గుంటూరు, పల్నాడు మిరప చేలల్లో దిగుతారు. దీన్నే ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. ఆలూరు, ఆస్పరి, దేవనకొండ, హొళగుంద, హాలహర్వి, చిప్పగిరి, ఆ పక్క కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు... కర్నూలు జిల్లా పడమటి మండలాలన్నిటికీ ఇది ఏటా ఉండేదే. ఆ నెలల్లో కొన్ని వీధుల్లో అరుగుల మీద ముసలివాళ్లు, వాళ్ల చుట్టూ బడి మానలేని పిల్లలు తప్ప మనిషి కనిపించడు. మళ్లీ ఉగాదికే ఊరికి కళ.

ఒక చిన్న లెక్క వేద్దాం. అక్టోబరు 15న ఆలూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక బిడ్డ పుట్టిందనుకోండి. పుట్టిన రోజే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి వేస్తారు. తల్లి దగ్గరున్న తల్లీబిడ్డల కార్డులో రాస్తారు. ఆరో వారం టీకా నవంబరు 26న, అంటే లారీ బయలుదేరే ముందో, బయలుదేరే రోజో. పదో వారం టీకా క్రిస్మస్ ముందు రోజు. పద్నాలుగో వారానిది సంక్రాంతి దాటిన వారానికి. ఆ రెండు తేదీల్లోనూ బిడ్డ మిరప చేను గట్టు మీద చీర ఉయ్యాలలో ఉంటుంది. కార్డు మూటలో ఎక్కడో ఉంటుంది. టీకా వేయాల్సిన ఏఎన్ఎం దాదాపు రాష్ట్రం అవతలి అంచున, ఆలూరు మండలంలో, తాళం వేసిన ఇంటి ముందు నిలబడి ఉంటుంది.

బిడ్డ ఒక్కటే కాదు. బాలింత మింగాల్సిన ఐరన్ మాత్రలు ఆరు నెలలవి. అక్టోబరులో క్షయ బయటపడిన మనిషికి ఆరు నెలల మందుల్లో నాలుగు నెలలు పరాయి జిల్లాలో గడుస్తాయి. బీపీ మాత్రలు నెలకోసారి ఊళ్లో ఇస్తారు. మనిషి మాత్రం నాలుగైదు నెలలు ఊళ్లో ఉండడు. ప్రాథమిక వైద్యం గురించి మనం ఇన్నేళ్లుగా చేసిన చర్చంతా ఒక ఊహ మీద నిలబడింది. పేదవాడు ఊళ్లో ఉంటాడు, వైద్యం పట్నంలో ఉంటుంది, మధ్య దూరం తగ్గిస్తే చాలు అన్నది ఆ ఊహ. ఆలూరులో అది తలకిందులైంది. వైద్యం ఊళ్లోకి వచ్చి కూర్చుంది. పేదవాడే ఊరు విడిచి పోయాడు.

ఒక్క రాత్రి ఆసుపత్రి

జనం ఎక్కడుంటే వైద్యాన్ని అక్కడికి మోసుకుపోవడం సర్కారుకు చేతకాని పనేం కాదు. రుజువు ఆలూరు నియోజకవర్గంలోనే ఉంది. హొళగుంద మండలం దేవరగట్టులో ఏటా విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం జరుగుతుంది. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు మరోవైపు. ఉత్సవ విగ్రహాల కోసం ఇనుప రింగులు తొడిగిన కర్రలతో, కాగడాల వెలుగులో తలపడతారు. తలలు పగులుతాయి. కొన్నేళ్లు ప్రాణాలే పోయాయి. దెబ్బ తగిలినవాడు గాయం మీద ఇంత పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి పోతాడు.

ఆ రాత్రికి అక్కడ తాత్కాలిక వైద్య శిబిరం వెలుస్తుంది. మంచాలు, కుట్లు వేసే డాక్టర్లు, 108 వాహనాలు, నర్సులు. ప్రాణం మీదికొస్తే ఆదోనికో, కర్నూలుకో తరలించడానికి ముందే మాట్లాడి పెట్టుకుంటారు. జనం రేపు రాత్రి ఈ కొండ దగ్గర ఉంటారు, ఇన్ని తలలు పగులుతాయి అన్న అంచనాతో ఆసుపత్రే కొండ దగ్గరికి నడిచి వెళుతుంది. టీవీ కెమెరాలు కూడా వస్తాయి కాబట్టి ఏర్పాట్లలో లోటు జరగదని అనేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మిరప చేనుకు కెమెరా రాదు.

ఇంకా పెద్ద రుజువు పోలియో. ఇంటింటికీ తిరిగితే సరిపోదని, ఇల్లే లేనివాళ్లను వెతకాలని ఆ కార్యక్రమం గ్రహించింది. ఇటుక బట్టీలు, రోడ్డు పనుల గుడారాలు, సంచార జాతుల విడిదులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు... ఎక్కడెక్కడ జనం కదులుతుంటారో విడిగా జాబితాలు రాసుకున్నారు. కదిలే రైల్లో చుక్కలేశారు. 2011 జనవరిలో హౌరా జిల్లాలో బయటపడిన కేసు దేశంలో చివరిదైంది. 2014 మార్చిలో మన ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో నుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మొదలైన మిషన్ ఇంద్రధనుష్ కూడా వలస కూలీలను, బట్టీలను ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంది. దారి తెలియక కాదన్నమాట. గడువు పెట్టుకున్న ఉద్యమంలా చేసినప్పుడు ఆ దారిన నడిచాం. రోజువారీ పనికి వచ్చేసరికి మళ్లీ భవనం దగ్గరికి వచ్చి కూర్చున్నాం.

నిమిషానికి అరవై

ఊళ్లో ఉన్నన్నాళ్లు వైద్యం ఎలా నడుస్తుందో చూడాలంటే పురిటింటికి వెళ్లాలి. ఆసుపత్రి కాన్పయితే ఆశా వర్కర్ మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత పద్నాలుగు, ఇరవయ్యొకటి, ఇరవయ్యెనిమిది, నలభై రెండో రోజు ఇంటికి రావాలి. మొత్తం ఆరుసార్లు. కాన్పు ఇంట్లో అయితే మొదటి రోజు కూడా కలిపి ఏడు.

ఆమె వచ్చీ రాగానే బిడ్డను ఎత్తుకోదు. ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. సంచిలోంచి థర్మామీటరు, గడియారం, చిన్న తూకం తీస్తుంది. బిడ్డను గుడ్డ ఉయ్యాలలో వేసి తూకం కొక్కేనికి తగిలించి పైకెత్తితే ముల్లు ఎరుపు మీదో, పసుపు మీదో, ఆకుపచ్చ మీదో ఆగుతుంది. అంకెలు చదవడం రాని అవ్వకు కూడా ఎరుపంటే ఏమిటో తెలుస్తుంది. తర్వాత బిడ్డ పొట్ట మీది గుడ్డ తీసి, గడియారం చూస్తూ ఒక నిమిషం ఊపిరి లెక్కపెడుతుంది. ఇంట్లో అందరూ ఆ నిమిషం మాట్లాడకుండా ఉండాలి. ఎవరో ఒకరు మాట్లాడతారు. మళ్లీ మొదటి నుంచి లెక్క. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి అరవై సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తుంటే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఎక్స్‌రే లేదు, స్టెతస్కోపు లేదు. న్యుమోనియాను పట్టడానికి ఒక గడియారం, ఓపికగా లెక్కపెట్టే మనిషి చాలు.

ఇది పుస్తకాల్లో పుట్టిన పద్ధతి కాదు. మహారాష్ట్రలో గడ్చిరోలి అడవుల పక్క ఊళ్లలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకు ఈ పని నేర్పారు. నెల లోపు శిశువుల మరణాలు ఆ ఊళ్లలో మూడో ఏడాదికి 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. 2011లో అదే పద్ధతి దేశమంతటా ఆశాల చేతికొచ్చింది. ఆశా వ్యవస్థ 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైనది. వెయ్యి జనాభాకు ఒకరు, ఆ ఊరి కోడలో కూతురో అయి ఉండాలి, ఎంపికలో గ్రామసభకు మాట ఉండాలి అన్నవి మొదటి షరతులు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. మన రాష్ట్రంలో 2019లో వాళ్ల నెల గౌరవ వేతనాన్ని మూడు వేల నుంచి పది వేలకు పెంచారు. 2025 మార్చిలో పదవీ విరమణ వయసు 62కు పెంపు, లక్షన్నర గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించారు. బిడ్డల తల్లులకు సేవ చేసే ఆడమనిషికి తన కాన్పుకు సెలవు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ఆశా చేతిలో గడియారం కన్నా ఫోను ఎక్కువసేపు ఉంటోంది. ఈ యాప్‌లో ఒకసారి, ఆ యాప్‌లో ఒకసారి, మళ్లీ రిజిస్టరులో ఒకసారి. రాసింది రాసి, ఎక్కించింది ఎక్కించి, పైనుంచి వాట్సాప్‌లో అడిగినవాళ్లకు మళ్లీ చెప్పాలి. యాప్‌ల భారం తగ్గించమన్నది ఆశా యూనియన్లు ఏళ్లుగా అడుగుతున్నదే. ఊపిరి లెక్కపెట్టే ఆ నిమిషం ఎక్కడా నమోదు కాదు. ఫొటో నమోదవుతుంది.

ఖాతా పుస్తకమున్న డాక్టరు

ఊళ్లో డిగ్రీ లేకుండా వైద్యం చేసే మనిషి ఆర్‌ఎంపీ. సర్కారీ వైద్యం గురించి రాసేవాళ్లు ఆర్‌ఎంపీని దొంగ డాక్టరని ఒక్క మాటలో కొట్టేస్తారు. యాంటీబయాటిక్ అక్కర్లేని జ్వరానికీ అదే పొడిచి, నీరసానికి సెలైన్ ఎక్కించి, మోకాళ్ల నొప్పులకు స్టెరాయిడ్ వేసే ఆర్‌ఎంపీలు చేసే చెడు చిన్నదేం కాదు. అయినా జనం ఆయన దగ్గరికే ఎందుకు పోతారు? రాత్రి పదింటికి తలుపు తడితే లేస్తాడు. ‘సూదేస్తేనే జొరం దిగేది’ అంటే కాదనడు. అన్నిటికన్నా ముఖ్యం, అప్పు పెడతాడు. ‘సుగ్గి నుంచి వచ్చినాక ఇస్తాంలే సార్’ అంటే తలూపి పుస్తకంలో రాసుకుంటాడు. ఊరి రాబడి ఏ నెలలో వస్తుందో, ఎవరు ఎప్పుడు పోయి ఎప్పుడు తిరిగొస్తారో ఆయనకు తెలుసు. వైద్యం వచ్చినా రాకపోయినా ఊరి క్యాలెండరు వచ్చు. మన వైద్య ఆరోగ్య శాఖ దగ్గర ఉన్నది మాత్రం ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడిచే ఆర్థిక సంవత్సరం.

రాయలసీమ రాజకీయాల్లోనే ఒక డాక్టరు కథ ఉంది. వైఎస్ రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యాధికారిగా పనిచేశారు. పులివెందులలో తండ్రి పేరిట 1973లో ఆసుపత్రి కట్టారు. రూపాయి డాక్టరన్న పేరు అక్కడే వచ్చింది. ముఖ్యమంత్రి అయ్యాక ఆయన వేసిన ముద్ర మాత్రం 2007 ఏప్రిల్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ. గుండె ఆపరేషన్లకు, క్యాన్సరుకు పేదవాడు కార్పొరేటు ఆసుపత్రి మెట్లెక్కగలిగాడు. ఎన్నో ఇళ్లు అప్పుల్లో మునగకుండా నిలిచాయి. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ బీపీ ముదిరి గుండెకు, మూత్రపిండాలకు చేరితే లక్షలు కట్టే పథకం, ఆ బీపీ మాత్ర మిరప చేలోకి చేరలేదని కనిపెట్టే పథకం కాదు. రోగం పెద్దదయ్యేదాకా మన డబ్బు కదలదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం వైద్య బడ్జెట్‌లో మూడింట రెండు వంతులైనా ప్రాథమిక వైద్యానికి పెట్టాలంది. అప్పుడూ, ఇప్పుడూ వార్త అయ్యేది మాత్రం పెద్ద భవనమే. ఆదోని కొత్త మెడికల్ కాలేజీని సర్కారే నడపాలా, ప్రైవేటు భాగస్వామ్యానికి (పీపీపీ) ఇవ్వాలా అని 2025లో ఎంత రభస జరిగిందో చూశాం. జరగాల్సిన రభసే. అయితే ఆదోని డివిజన్ ఊళ్లలో పద్నాలుగో వారం టీకా ఎంతమందికి తప్పిందని ఒక్క ధర్నా కూడా జరిగినట్టు వినలేదు.

జామ్‌ఖేడ్ బావి

కరువు సీమలో ఊరివాళ్లే తమ వైద్యం చూసుకోవడం ఎలాగో చూపించిన చోటు మనకు మరీ దూరం కాదు. మహారాష్ట్ర అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లాలో జామ్‌ఖేడ్. ఆలూరులాగే వాన రాని నేల, పనికోసం వలస పోయే జనం. రజనీకాంత్ ఆరోళే, మేబెల్ ఆరోళే అనే డాక్టర్ల జంట 1970లో అక్కడికి వచ్చింది. ఊరివాళ్లను అడిగితే మందుల మాటే ఎత్తలేదు. నీళ్లు కావాలన్నారు, తిండి కావాలన్నారు. అప్పుడు కరువు ముసురుకుంటోంది. డాక్టర్లు బోర్లు వేయించే పనిలో పడ్డారు. బోరు ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నీళ్లు చూసే మనిషికి ముందే చెప్పి దళితవాడల్లో జాగాలు పెట్టించారట. నీళ్లు కావాలంటే పై కులాలవాళ్లు బిందె పట్టుకుని అక్కడికే రావాలి. వైద్య శాస్త్రం పాఠంలో ఈ అధ్యాయం ఉండదు గానీ, అతిసారం తగ్గడానికి ఆ బోర్లు చేసింది ఏ మాత్ర కన్నా తక్కువ కాదు.

తర్వాత ప్రతి ఊరూ ఒక ఆడమనిషిని ఎంచుకుంది. చాలామందికి అక్షరం ముక్క రాదు, ఎక్కువమంది తక్కువ కులాలవాళ్లు. వారం వారం జామ్‌ఖేడ్ వచ్చి నేర్చుకుని, వెళ్లి ఊరికి నేర్పేవాళ్లు. కాన్పులు చేశారు, బరువులు తూచారు, కుష్ఠు మచ్చలు పట్టారు. 1979లో ఆరోళే దంపతులకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. అంతకు ముందు ఏడాది, 1978 సెప్టెంబరులో, అప్పటి సోవియట్ కజకిస్థాన్‌లోని ఆల్మా ఆటాలో 134 దేశాలు కూడి ‘2000 సంవత్సరానికి అందరికీ ఆరోగ్యం’ అని ప్రకటించాయి. ప్రాథమిక వైద్యంలో ప్రజలకు పాలుపంచుకునే హక్కు, బాధ్యత రెండూ ఉన్నాయని ఆ ప్రకటన రాసింది. ఆ గడువు దాటి పావు శతాబ్దమైంది.

తెలుగునాట దీనికి దగ్గరగా నడిచిన పని పక్క జిల్లాలోదే. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును మొదలుపెట్టారు. ఆర్డీటీని ఇప్పుడు అందరూ బత్తలపల్లి పెద్దాసుపత్రితో, కళ్యాణదుర్గం, కణేకల్లు ఆసుపత్రులతో గుర్తుపడతారు. ఆ ఆసుపత్రులు పైకి కనిపించేవి. వాటి కింద ఊరూరా శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు, దళితవాడల్లో కట్టిన ఇళ్లు, బడులు, చెక్‌డ్యాములు, మహిళా సంఘాలు ఉన్నాయి. ఊరి ఆరోగ్య కార్యకర్త చీటీ రాసి పంపిన గర్భిణిని ఆసుపత్రి గేటు దగ్గర ఎవరూ ఎవరమ్మా నువ్వని అడగరు. ఆ గొలుసు మొదటి లంకె ఊళ్లో ఉంది కాబట్టే చివరి లంకెకు విలువ. ఇంకో సంగతి కూడా చెప్పాలి. విదేశీ విరాళాల మీద నడిచే సంస్థ అనుమతుల దగ్గర చిక్కుపడితే ఏమవుతుందో 2025లో అనంతపురం జనం భయపడి రోడ్డెక్కారు. ఊరి వైద్యం దాతల చేతుల్లో ఉన్నా ఇబ్బందే, యాప్‌ల చేతుల్లో ఉన్నా ఇబ్బందే.

బళ్లారి దారి

ఆలూరుకు మరో పాత ముడి ఉంది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లావి. జిల్లా రెండుగా చీలినప్పుడు ఆలూరు, ఆదోని కర్నూలుకు చేరాయి. కాగితాల మీద గీత గీశారు గానీ హగరి నది దాటే మనుషులు అలవాటు మార్చుకోలేదు. ఇంట్లో కన్నడం, సంతలో తెలుగు, పెద్ద జబ్బు చేస్తే బళ్లారి. కర్నూలు పెద్దాసుపత్రి కన్నా బళ్లారి పెద్దాసుపత్రి చాలామందికి దగ్గర, పైగా అక్కడి మాట అర్థమవుతుంది. రాష్ట్రం హద్దు దాటగానే మన రాష్ట్ర పథకాలు చెల్లుతాయా అన్న మాట మొదలవుతుంది. కార్డు ఇక్కడిది, మంచం అక్కడిది. ఆలూరు మనిషి రోగమొస్తే పడమటికి పోతాడు, పనికి తూర్పుకు పోతాడు. ఆరోగ్య శాఖ రికార్డుల్లో ఆయన ఎప్పుడూ నడిమధ్య, ఊళ్లోనే ఉంటాడు.

భవనాలు వచ్చాయి

జరిగిన పనిని చిన్నచూపు చూడటం న్యాయం కాదు. 1946లో భోర్ కమిటీ ఊళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలంది. స్వాతంత్ర్యం వచ్చాక అవి వెలిశాయి. మైదాన ప్రాంతంలో 5 వేల మందికి ఉపకేంద్రం, 30 వేల మందికి పీహెచ్‌సీ అన్న లెక్క స్థిరపడింది. 2018 నుంచి ఉపకేంద్రాలను వెల్‌నెస్ సెంటర్లుగా మార్చి, నర్సింగ్ చదివిన మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందిని (ఎంఎల్‌హెచ్‌పీ) కూర్చోబెట్టారు. మన రాష్ట్రంలో ఇంకో అడుగు ముందుకేసి 10,032 విలేజ్ హెల్త్ క్లినిక్‌లు అన్నారు. పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు 104 బండితో ఊరికి వచ్చే ఫ్యామిలీ డాక్టర్ విధానం 2023 ఏప్రిల్ 6న లాంఛనంగా మొదలైంది. మొదలైన చోటు చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్ల. పల్నాడు జిల్లా. ఆలూరు కుటుంబాలు మిరప కోసే జిల్లాలోనే ఫ్యామిలీ డాక్టరును ప్రారంభించారు. ఆ డాక్టరు జాబితాలో ఉండేది ఆ ఊరి కుటుంబాలు. చేలో గుడిసె వేసుకున్న కుటుంబం ఎవరి జాబితాలోదో ఆ పథకంలో స్పష్టంగా లేదు.

ఫలితాలు కూడా ఇదే కథ చెబుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. 2018-20 నాటికి మాతృ మరణాల నిష్పత్తి లక్ష సజీవ జననాలకు 45. దేశంలో మెరుగైన రాష్ట్రాల్లో ఒకటి. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్ల ముందు సర్వేలోనూ దాదాపు అంతే. కాన్పు ఒక రోజు పని, దానికి అంబులెన్సు, ఆసుపత్రి, డబ్బు అన్నీ ఉన్నాయి. రక్తం పట్టడం ఏడాది పొడుగునా తినే జొన్న రొట్టె పక్కన ఆకుకూర, గుడ్డు, పప్పు ఉండటం మీద, మాత్ర నల్లగా విరేచనమవుతుందని మానకుండా మింగడం మీద, పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయకపోవడం మీద ఆధారపడుతుంది. దాన్ని ఆసుపత్రి చేయలేదు. ఇంటి పక్క మనిషి చేయాలి. చేసే మనిషి ఉన్నా, ఏడాదిలో మూడో వంతు ఇంటికి తాళం.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ అని ఒకటి ప్రతి ఊరికీ ఉంది. ఏటా పది వేల రూపాయల వరకు ఊరి అవసరానికి వాడుకునే వీలు ఉంది. ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో ఊరు కూర్చుని నిర్ణయించాలి. చాలా చోట్ల సంతకాలే కూర్చుంటాయి.

మేస్త్రీకి తెలుసు

మరి ఏం చేయొచ్చు? రేషన్ బియ్యం ఈ పాఠం ముందే నేర్చుకుంది. ఇప్పుడు ఆలూరు కార్డుతో పల్నాడులో బియ్యం తీసుకోవచ్చు. టీకాకు కూడా దారి తెరుచుకుంది. 2024 అక్టోబరులో దేశవ్యాప్తంగా మొదలైన యు-విన్‌లో బిడ్డ వివరాలుంటే ఏ ఊళ్లోనైనా తర్వాతి డోసు వేయించుకోవచ్చు. క్షయ రోగికి నిక్షయ్‌లో ఒక సంఖ్య ఉంటుంది, మందులు ఎక్కడైనా తీసుకోవచ్చు. పోషణకు నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు కూడా. వ్యవస్థ ఉంది. కానీ చేలో దిగిన తల్లికి దగ్గరి క్లినిక్ ఎక్కడుందో తెలియదు. ఒక పూట పని మానితే కూలి పోతుంది. మిరప కోసిన చేతులు ఎంత కడిగినా మంట పోదు, ఆ చేత్తో బిడ్డను ఎత్తుకోవడానికే భయపడే తల్లి, ఎరగని ఊళ్లో క్లినిక్ వెతుక్కుంటూ నడుస్తుందా? పల్నాడు ఆశాకు తన వెయ్యి మంది జాబితాలో ఈ గుడిసెలు లేవు. వెళ్లినా ఆమెకు కలిసొచ్చేదేమీ లేదు. అక్కడ ఒక్క అడుగు ముందుకు పడాలంటే గుడిసెల్లో వేసిన టీకాకూ ఆమెకు లెక్క రావాలి, పేరు రావాలి. పోలియో రోజుల్లో వచ్చిందిగా.

మాత్రల విషయం ఇంకా తేలిక. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఏఆర్‌టీ కేంద్రాలు హెచ్‌ఐవీ మందులు రెండు మూడు నెలలవి ఒకేసారి ఇచ్చాయి. రోగులు రాలేరు కాబట్టి ఇచ్చాయి. సుగ్గికి పోయేవాళ్లు కూడా రాలేరు. బీపీ, షుగరు, ఐరన్ మాత్రలు బొలేరో కదలక ముందే నాలుగు నెలలవి సంచిలో వేసి పంపడానికి పీహెచ్‌సీ స్థాయిలో నిర్ణయం చాలు, కేబినెట్ అక్కర్లేదు.

అసలు చిక్కు ఎవరు ఏ చేలో ఉన్నారన్నది. దీనికి కొత్త సర్వే, కొత్త యాప్ వస్తాయేమోనని భయంగా ఉంది. ఈ సమాచారం ఇప్పటికే ఒకరి దగ్గర ఉంది. అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రీ జేబులో పుస్తకంలో ప్రతి ఇంటి పేరు, ఎంతమంది వచ్చారు, ఏ ఊరి ఏ రైతు చేలో దింపాడు అన్నీ రాసి ఉంటాయి. డబ్బుతో ముడిపడిన లెక్క కాబట్టి తప్పు ఉండదు. మేస్త్రీ ఫోను నంబరు ఊళ్లో అందరికీ తెలుసు. ఆశా వర్కరు కూడా అదే వీధి మనిషి కాబట్టి ఆమెకూ తెలుసు.

గాంధీ జయంతికి గ్రామసభ జరుగుతుంది. సుగ్గికి ఇంకా నెలన్నరకు పైనే ఉంటుంది, అప్పటికి ఊరంతా ఊళ్లోనే ఉంటుంది. ఆలూరు మండలంలో ఏ పంచాయతీ అయినా ఆ సభలో ఒక్క అరగంట దీనికి కేటాయించొచ్చు. ఈసారి ఎవరింట్లో ఏడాది లోపు బిడ్డ ఉంది, ఎవరు నెల తప్పారు, ఎవరు క్షయ మందులు మింగుతున్నారు అన్నది తేల్చుకోవడానికి ఆ అరగంట చాలు. క్షయ పేరు సభలో ఎత్తకూడదు, ఆ చీటీ ఏఎన్ఎం దగ్గరే ఉండాలి. మిగతాది మేస్త్రీ పుస్తకంతో సరిచూసి, నవంబరు మొదటి వారానికి నరసరావుపేటలోనో గుంటూరులోనో ఉన్న జిల్లా వైద్యాధికారి బల్ల మీదికి పంపాలి. ఆ కాగితం మీద బిడ్డ పేరు, తల్లి పేరు, రావాల్సిన టీకా, తేదీ, రైతు ఊరు, మేస్త్రీ ఫోను నంబరు ఉంటే చాలు.